ఎల్విస్ పరువు తీసింది కార్టూన్ కాదు

‘ఏజెంట్ ఎల్విస్’ మీద తీర్పు ఎప్పుడో ఇచ్చేశారు. 2023 మార్చి 17న నెట్‌ఫ్లిక్స్‌లో పది ఎపిసోడ్లతో వచ్చిన ఈ పెద్దల కార్టూన్ సిరీస్ గురించి సమీక్షల్లోనూ అభిమానుల మాటల్లోనూ పదే పదే వినిపించిన వాదన ఇది: ఇరవయ్యో శతాబ్దపు సంగీతాన్ని మలుపు తిప్పిన ఎల్విస్ ప్రెస్లీ చేతికి తుపాకీ ఇచ్చి, వీపుకి జెట్‌ప్యాక్ కట్టి, చుట్టూ బూతులు నింపి, నెత్తుటి కొట్లాటల్లోకి దింపారు. పాట వెనక్కి పోయింది, మనిషి మాయమయ్యాడు. గూఢచారుల మీద పెద్దల హాస్యాన్ని ‘ఆర్చర్’ అంతకుముందే చేసి చూపించింది కాబట్టి కొత్తదనం కూడా లేదు. మాథ్యూ మెకానహే గొంతు ఎల్విస్ గొంతులా లేదు. మాజీ భార్య ప్రిసిల్లా ప్రెస్లీయే ఈ సిరీస్ సృష్టికర్తల్లో ఒకరు కావడం మరీ బాధాకరం. ఒక్క సీజన్‌తోనే నెట్‌ఫ్లిక్స్ దీన్ని ఆపేసిందంటే ఇంకేం రుజువు కావాలి?

ఈ మాట అంటున్నవాళ్లకు ఎల్విస్ మీద నిజమైన ప్రేమ ఉంది. హింస మోతాదు మించిందన్నదీ, కొన్ని జోకులు పేలలేదన్నదీ ఒప్పుకోవలసిందే. అయినా ఈ వాదన మొదటి అడుగులోనే దారి తప్పింది. సిరీస్ ఎల్విస్‌ను మరీ అల్లరి పట్టించిందని వీళ్ల ఫిర్యాదు. దాని అసలు దోషం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: అది ఎల్విస్‌ను ప్రశ్నించడానికి భయపడింది. ఈ తేడా పట్టుకోలేని విమర్శకు, చనిపోయిన కళాకారుల పేర్లనూ రూపాలనూ సొంతం చేసుకున్న సంస్థలు చేసే పని ఎప్పటికీ కనబడదు.

1. గూఢచారి కావాలన్న కోరిక ఎవరిది?

గాయకుడికి గూఢచర్యం అంటగట్టారన్నది అభియోగాల్లో మొదటిది. ఎల్విస్ జీవితం తెలిసినవాళ్లెవరూ చేయకూడని అభియోగం ఇది.

1970 డిసెంబరులో ఏం జరిగిందో చూడండి. క్రిస్మస్ కానుకల కోసం తుపాకులకూ మెర్సిడెస్ కార్లకూ లక్ష డాలర్లకు పైగా తగలేశాడని తండ్రి వెర్నన్, భార్య ప్రిసిల్లా నిలదీశారు. ఎల్విస్ అలిగి, ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి విమానమెక్కాడు. లాస్ ఏంజిలిస్ చేరి, జెర్రీ షిల్లింగ్ అనే మిత్రుణ్ణి వెంటబెట్టుకుని, వాషింగ్టన్‌కు రాత్రి విమానం పట్టాడు. ఆ ప్రయాణంలోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ కాగితాల మీద అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌కు స్వహస్తాలతో ఉత్తరం రాశాడు. మాదకద్రవ్యాల సంస్కృతినీ, మనుషుల బుద్ధిని మార్చే కమ్యూనిస్టు పద్ధతులనూ తాను లోతుగా చదివానని, తనను ఫెడరల్ ఏజెంటుగా నియమిస్తే దేశానికి సేవ చేస్తానని అందులో ఉంది. హోటల్లో తాను జాన్ బరోస్ అన్న మారుపేరుతో ఉంటానని కూడా రాశాడు. డిసెంబరు 21 ఉదయం ఆ ఉత్తరాన్ని తానే తీసుకెళ్లి వైట్‌హౌస్ గేటు దగ్గర ఇచ్చాడు.

అధ్యక్షుడి నుంచి జవాబు వచ్చేలోగా మాదకద్రవ్యాల నిరోధక బ్యూరోకు వెళ్లి బ్యాడ్జి అడిగాడు. కుదరదని అక్కడి ఉన్నతాధికారి జాన్ ఫిన్లేటర్ చెప్పేశాడు. మధ్యాహ్నం ఊదారంగు వెల్వెట్ సూటు, నడుముకి పెద్ద బంగారు బకిల్ బెల్టుతో ఓవల్ ఆఫీసులోకి నడిచి, అదే బ్యాడ్జిని నిక్సన్‌ను అడిగి పుచ్చుకున్నాడు. పట్టరాని సంతోషంతో అధ్యక్షుణ్ణి కౌగిలించుకున్నాడు. బహుమానంగా తీసుకెళ్లిన కోల్ట్ .45 పిస్తోలును భద్రతా సిబ్బంది ముందే తీసిపెట్టుకున్నారు. ఈ భేటీ సంగతి రహస్యంగా ఉంచాలన్నది కూడా ఎల్విస్ కోరికే. 1972 జనవరిలో జాక్ ఆండర్సన్ తన పత్రికా శీర్షికలో బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు.

మారుపేరు, రహస్య సమావేశం, ప్రభుత్వ బ్యాడ్జి, తుపాకీ. అన్నీ ఆ మనిషి సొంతంగా తెచ్చుకున్నవే. ఏ ఊరికి వెళ్లినా అక్కడి పోలీసుల బ్యాడ్జి సంపాదించడం అతని అలవాటు. జర్మనీలో సైనికుడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన కరాటేను చివరిదాకా వదల్లేదు. సిరీస్ కథేమిటంటే, పగలు రాక్ అండ్ రోల్ రాజుగా ఉంటూనే ఎల్విస్ ఒక రహస్య ప్రభుత్వ సంస్థలో చేరి దేశ శత్రువులతో పోరాడతాడు. అంటే 1970లో అతను నిక్సన్‌ను వేడుకున్న ఉద్యోగం 2023లో కార్టూన్‌లో దొరికింది. జెట్‌ప్యాక్ ఒక్కటే రచయితల కల్పన, మిగిలినదంతా ఎల్విస్ కల.

గౌరవనీయమని అందరూ మెచ్చుకున్న సినిమా ఈ కలను ఏం చేసింది? బాజ్ లుర్మన్ 2022లో తీసిన ‘ఎల్విస్’ ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు పొందింది. రెండు గంటల నలభై నిమిషాలకు దగ్గరగా సాగే ఆ చిత్రంలో నిక్సన్ భేటీకి చోటు దక్కలేదు. మెంఫిస్‌లోని బీల్ వీధి, లాస్ వేగస్, మేనేజరు పన్నాగాలు అన్నీ ఉన్నాయి, అతను జీవితంలో అంత ఆశపడి అడుక్కున్న బ్యాడ్జి మాత్రం లేదు. దాన్ని చూపితే కథానాయకుడి విషాదం చెదిరిపోతుందని భయపడి ఉండవచ్చు. ‘ఏజెంట్ ఎల్విస్’ ఆ వింత కోరికనే పునాదిగా తీసుకుంది. ఎల్విస్‌లో ఉన్న పసితనాన్ని, తాను దేశాన్ని కాపాడగలనన్న ఆ అమాయకపు నమ్మకాన్ని పట్టించుకున్నది ఈ అల్లరి సిరీసే. అగౌరవం అన్న ముద్రను ముందు ఏ సినిమా మీద వేయాలో విమర్శకులు తేల్చుకోవలసింది.

2. పరువు ఎప్పుడు పోయింది?

ఎల్విస్‌ను బొమ్మను చేశారని బాధపడేవాళ్లు, 2023కి ముందు అతని పరువు చెక్కుచెదరకుండా ఉందని అనుకుంటున్నారు. చరిత్ర అలా చెప్పదు.

1956 జూలై 1న స్టీవ్ అలెన్ తన టీవీ కార్యక్రమంలో ఎల్విస్‌కు తోక కోటు తొడిగించి, ఎదురుగా ఒక బాసెట్ హౌండ్ కుక్కను కూర్చోబెట్టి, దాని ముఖంలోకి చూస్తూ ‘హౌండ్ డాగ్’ పాడించాడు. అంతకు నాలుగు వారాల ముందు మిల్టన్ బెర్ల్ కార్యక్రమంలో అతని నడుము కదలికలు దేశాన్ని కలవరపెట్టాయి. దానికి విరుగుడుగా ఆ కుర్రవాణ్ణి నవ్వులపాలు చేసి అదుపులో పెట్టారు. ఎల్విస్ ఆ రాత్రిని తర్వాత ఎప్పుడూ ఇష్టంగా తలుచుకోలేదు. నిజమైన అవమానం అంటే అది. మనిషి బతికి ఉన్నాడు, కెమెరా ముందు నిలబడ్డాడు, కాదనే స్థితిలో లేడు.

తర్వాత సినిమాలు వచ్చాయి. మార్లన్ బ్రాండో, జేమ్స్ డీన్‌ల సరసన నిలిచే నటుడు కావాలని ఎల్విస్ కోరుకున్నాడు. 1958 నాటి ‘కింగ్ క్రియోల్’ చూస్తే ఆ కోరికలో బలం ఉందని తెలుస్తుంది. సైన్యం నుంచి తిరిగొచ్చాక మేనేజరు టామ్ పార్కర్ అతణ్ణి ఏడాదికి రెండు మూడు చిత్రాల గానుగకు కట్టేశాడు. 1967లో వచ్చిన ‘డబుల్ ట్రబుల్’లో ‘ఓల్డ్ మెక్‌డొనాల్డ్’ అనే పిల్లల పాట పాడాల్సి వచ్చింది. ‘హార్ట్‌బ్రేక్ హోటల్’ పాడిన గొంతు అది! 1970ల మధ్యలో ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ చిత్రంలో నటించమని బార్బ్రా స్ట్రైసాండ్ అడిగినప్పుడు, పార్కర్ బేరాల మధ్య ఆ అవకాశం చేజారింది. నెదర్లాండ్స్‌లో పుట్టి, ఆ సంగతి దాచి బతికిన పార్కర్ తన గాయకుణ్ణి కెనడా దాటి ఏ విదేశంలోనూ కచేరీ చేయనివ్వలేదు. ఎల్విస్ మరణం తర్వాత కుమార్తె ఆస్తి ప్రయోజనాలు చూడమని కోర్టు నియమించిన న్యాయవాది, పార్కర్ ఒప్పందాలు ఎల్విస్‌కు ఘోరంగా అన్యాయం చేశాయని నివేదిక ఇచ్చాడు.

1977 ఆగస్టు 16న ఎల్విస్ మరణించాడు. రోజుల వ్యవధిలోనే అతని పేరుతో సరుకులు అమ్ముకునే ఒప్పందం మీద పార్కర్ సంతకాలు చేయించాడు. అప్పటి నుంచి అతని ముఖం కప్పుల మీద, తాళం చెవుల గొలుసుల మీద, చొక్కాల మీద, దీపపు బుర్రల మీద అమ్ముడవుతూనే ఉంది. వీటి ముందు మౌనంగా ఉన్నవాళ్లు, ఒక కార్టూన్‌లో నెత్తురు చిందగానే పరువు గురించి మాట్లాడితే ఆ మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఎల్విస్‌కు అవమానం ఎప్పుడూ ఒప్పందాల రూపంలోనే జరిగింది. బొమ్మ గీసినవాడి పెన్సిల్‌కు అందులో వాటా చాలా తక్కువ.

3. పోలికలు రెండు, రెండూ నిలవవు

‘ఆర్చర్’ 2009లో మొదలైంది. తాగుబోతు గూఢచారి, నోటి దురుసు, ఆఫీసు గొడవలు దాని సరుకు. అందులోని మనుషులందరూ కల్పితం. ‘ఏజెంట్ ఎల్విస్’లో కథానాయకుడు చరిత్రలో ఉన్న మనిషి. హోవర్డ్ హ్యూస్ లాంటి ఆనాటి ప్రముఖులు పాత్రలు. పక్కనే ఉండే స్కాటర్ అనే చింపాంజీ కూడా ఎల్విస్ ఇంట్లో నిజంగా పెరిగినదే. ఒకటి ఒక ప్రక్రియను వెక్కిరిస్తుంది, రెండోది ఒక దేశం తన పురాణపురుషుణ్ణి ఎలా ఊహించుకుందో చూపిస్తుంది. రెండింటిలోనూ గూఢచారి ఉన్నాడు కాబట్టి రెండూ ఒకటే అనడం, వేషం చూసి నటుణ్ణి గుర్తుపట్టానని చెప్పడమే. ‘జీమా బ్లూ’ అనే యానిమేషన్ తీసిన రాబర్ట్ వాలీ శైలిలో కోణాలు తేలిన పొడుగాటి దేహాలు, దట్టమైన నీడలు ఈ సిరీస్‌కు ‘ఆర్చర్’కు లేని రూపం ఇచ్చాయి. జాన్ వార్వాటోస్ గీసిన దుస్తులు ఆ దేహాల మీద ఎలా కదులుతాయో గమనించినవాళ్లు, కాపీ అన్న మాట అంత తేలిగ్గా అనరు.

గొంతు విషయం ఇంకా చిన్నది. అచ్చం ఎల్విస్‌లా మాట్లాడటం లాస్ వేగస్ వేషగాళ్లు రోజూ చేసే పని. 1979లో జాన్ కార్పెంటర్ టీవీ చిత్రంలో కర్ట్ రస్సెల్ ఎల్విస్‌గా నటిస్తే, పాటలు రోనీ మెక్‌డవెల్ పాడాడు. ఎవరూ మోసం అనలేదు. మెకానహే టెక్సస్ యాసలోని నిదానం, తానేం చేసినా లోకం మెచ్చుకుంటుందన్న ధీమా ఈ పాత్రకు కావలసినవి. అనుకరణ కావాలనేవాళ్లకు అసలు రికార్డులు ఉండనే ఉన్నాయి.

4. నెత్తురూ బూతూ

ఇక్కడ విమర్శకులకు కొంత పట్టు ఉంది. చావులు అవసరానికి మించి ఉన్నాయి. ఒక దశ దాటాక ఏ చావుకూ బరువు లేకుండా పోయింది. ఈ మేరకు తప్పు తప్పే, అది కథనంలో తప్పు. దీన్నుంచి ఎల్విస్ స్మృతికి మైల పడిందనే నిర్ధారణకు దూకడానికి వంతెన ఏది?

భక్తీ బూతూ ఒకే తెర మీద ఉండకూడదన్న నియమం ఎవరు పెట్టారు? మన తోలుబొమ్మలాటలో రామాయణం ఆడుతున్న తెర మీదికే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి పచ్చిగా మాట్లాడతారు. తెల్లవార్లూ కూర్చున్న జనం పడీపడీ నవ్వుతారు, ఆ వెంటనే సీత కష్టానికి కళ్లు తుడుచుకుంటారు. రాముడికి అందువల్ల ఏ లోటూ రాలేదు. దేవుడే తట్టుకున్న మోటు హాస్యాన్ని ఒక గాయకుడి కీర్తి తట్టుకోలేదనడం, ఆ కీర్తిని చాలా తక్కువ అంచనా వేయడం. టుపెలో పట్టణంలో రెండు గదుల చెక్క ఇంట్లో పుట్టి, పెంటెకోస్తు చర్చి పాటలూ నల్లజాతి బ్లూసూ విని పెరిగిన మనిషి అతను. మర్యాదస్తుల హాస్యం నుంచి అతని సంగీతం పుట్టలేదు. 1956లో అతని పాటనే అశ్లీలం అన్నారు. 1957 జనవరి 6న ఎడ్ సల్లివన్ కార్యక్రమంలో నడుము కింది భాగం చూపకుండా కెమెరాను కట్టడి చేశారు. ఆనాడు ఎల్విస్ మీద వాడిన మాటలనే ఈనాడు ఎల్విస్‌ను కాపాడటానికి వాడుతున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

5. రద్దయింది కాబట్టి పనికిరాదట

ఈ వాదన ఎల్విస్ జీవితానికే పట్టి చూడండి. 1954, 1955 సంవత్సరాల్లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో అతను చేసిన రికార్డులు ఒక్కటీ జాతీయ పాప్ పట్టికకు ఎక్కలేదు. 1961 నాటి ‘బ్లూ హవాయి’ సినిమా పాటల ఆల్బం ఇరవై వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆదరణే కొలబద్ద అయితే రాక్ అండ్ రోల్ పుట్టిన గది కన్నా సముద్రతీరపు సినిమా పాటలు గొప్పవని ఒప్పుకోవాలి. ఏ ఎల్విస్ అభిమానీ ఒప్పుకోడు. మరి అదే అభిమాని, స్ట్రీమింగ్ సంస్థ ఖర్చూ వీక్షణలూ లెక్కవేసుకుని ఆపేసిన సిరీస్ విషయంలో ఆ కొలబద్దను చేతిలోకి తీసుకుంటాడు.

6. ఎవరూ అడగని ప్రశ్న

ఈ సిరీస్‌ను సృష్టించింది ప్రిసిల్లా ప్రెస్లీ, జాన్ ఎడ్డీ. ప్రిసిల్లా తన పాత్రకు తానే గొంతు ఇచ్చారు. 2013 నుంచి ఎల్విస్ పేరు, రూపం, సంబంధిత వ్యాపారం ఆథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ చేతిలో ఉన్నాయి, ఆ సంస్థ భాగస్వామ్యంతోనే సిరీస్ తయారైంది. బయటివాళ్లు దూరి చేసిన అల్లరి కానే కాదు, యజమానులు దగ్గరుండి అనుమతించిన అల్లరి. ఏ అల్లరిని అనుమతించారు, దేన్ని అనుమతించలేదు అన్నదే విమర్శకులు మొదట అడగవలసిన ప్రశ్న. నెత్తురు అనుమతించారు. బూతు అనుమతించారు. మత్తూ విచ్చలవిడితనమూ చాలావరకు చింపాంజీ మీదికి మళ్లించారు. కథానాయకుడు ఎంత హింస చేసినా అతని మంచితనం మీద, దేశభక్తి మీద, ఠీవి మీద నీడ పడదు.

నిజమైన ఎల్విస్ కథలో ఆ నీడ చాలా పెద్దది. మాదకద్రవ్యాలపై పోరాడతానని ప్రభుత్వ బ్యాడ్జి తీసుకున్న మనిషి, అప్పటికే డాక్టర్లు చీటీ రాసిచ్చే మందులకు బానిస. 1977లో మొదటి ఎనిమిది నెలల్లోనే అతని పేరు మీద వైద్యుడు జార్జ్ నికోపులస్ పదివేలకు పైగా మోతాదులు రాసిచ్చినట్టు తర్వాత విచారణలో తేలింది. 42 ఏళ్లకే తన ఇల్లు గ్రేస్‌ల్యాండ్ స్నానాలగదిలో పడిపోయాడు. నిక్సన్ దగ్గరికి వెళ్లినవాడు ఆ బ్యాడ్జి ఎందుకు కోరుకున్నాడు? నిజంగానే దేశం కోసమా, తుపాకులూ మందులూ వెంట ఉన్నా తనను ఎవరూ ఆపకుండానా, తాను ఏ గొలుసులో చిక్కుకున్నాడో తనకే తెలియకనా? గూఢచారి కథకు ఇంతకన్నా పదునైన ద్వంద్వ జీవితం ఏ రచయితా కల్పించలేడు. అది చేతికి అందేంత దూరంలో ఉండగా సిరీస్ జెట్‌ప్యాక్ వైపు తిరిగింది. బిగ్ మామా థార్న్‌టన్, ఆర్థర్ క్రుడప్ లాంటి నల్లజాతి కళాకారుల పాటల మీద లేచిన కీర్తి గురించి కూడా ఇలాంటి ప్రశ్నే ఉంది. 1960ల చివరి అమెరికాను, పౌరహక్కుల పోరాటం రగులుతున్న దేశాన్ని వేదికగా తీసుకున్న కథకు ఆ ప్రశ్న మరింత దగ్గరగా ఉండాలి.

అదే 2023లో సోఫియా కొప్పొలా ‘ప్రిసిల్లా’ తీసింది. ప్రిసిల్లా 1985లో రాసిన ఆత్మకథే దానికి ఆధారం. 1959లో జర్మనీలో పద్నాలుగేళ్ల బాలిక పదేళ్లు పెద్దవాడైన మహా తారను కలుసుకోవడం నుంచి, గ్రేస్‌ల్యాండ్ గోడల మధ్య ఆమె ఒంటరితనం దాకా నిశ్శబ్దంగా చెబుతుంది. అందులో జెట్‌ప్యాక్ లేదు, తెగిపడిన తలలు లేవు. ఆ సినిమాకు ఎల్విస్ పాటలు వాడుకునే అనుమతిని హక్కుల సంస్థ నిరాకరించింది. శవాలు గుట్టలుగా పడే కార్టూన్‌కు చేయూత, ఒక భార్య కళ్లతో చూసిన నెమ్మది చిత్రానికి నిరాకరణ. ఒకే ఏడాది, ఒకే మనిషి మీద జరిగిన ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెడితే చాలు, ఎల్విస్ పేరు యజమానులు దేనికి భయపడతారో తెలుస్తుంది. నెత్తురు వ్యాపారానికి అడ్డురాదు. ఇంట్లో ఏం జరిగిందన్న ప్రశ్న అడ్డొస్తుంది.

కాబట్టి ‘ఏజెంట్ ఎల్విస్’ను అగౌరవమని తిట్టిన ప్రతి సమీక్షా, తెలియకుండానే, హక్కుల సంస్థకు మేలు చేసింది. మరోసారి ఇలాంటి సాహసం వద్దు, పూలదండ వేసిన జీవితచరిత్రలే తీయండి అని దానికి సలహా ఇచ్చింది. విమర్శకులు అడగవలసింది ఇంకా ధైర్యమైన కార్టూన్‌ను. నిక్సన్‌కు రాసిన ఆ ఉత్తరం అమెరికా జాతీయ పత్రాగారంలో ఉంది. అది ఏ ఎస్టేట్ సొత్తూ కాదు, చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గౌరవం పేరుతో ఆ ఉత్తరాన్ని కప్పిపెట్టిన సినిమా కన్నా, తడబడుతూ అయినా దాన్ని తెరిచి కథ అల్లిన సిరీస్ ఎల్విస్‌కు దగ్గరిది. ఇంకా దగ్గరికి వెళ్లనందుకే దాన్ని నిలదీయాలి.